బాపు టికెట్ల పుస్తకాలు

మా బాపు పోయేనాటికి బ్యాంకులో ఆయన పేరు మీద పదకొండు వేల చిల్లర ఉంది. చాల్‌లో ఒక ఖోలీ ఉంది. ఇవి కాక మూడు లావుపాటి లెడ్జరు పుస్తకాలున్నాయి. పైసల సంగతీ, ఖోలీ సంగతీ అన్నకూ నాకూ మధ్య ఒక్క పూటలో తేలిపోయాయి. ఎటూ తేలనివి ఆ లెడ్జర్లే.

వాటి నిండా తపాలా బిళ్ళలు. బాపు ఎన్నడూ ఆ మాట అనలేదు. ఆయనకు అవి టికెట్లు. 'టపా టికెట్లు' అనేవాడు. మొత్తం 3,412 ఉన్నాయి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఎక్కువ భాగం కవర్ల మీంచి ఊడదీసినవే. కొత్తగా పోస్టాఫీసులో కొన్నవి వంద కూడా ఉండవు.

బాపు 1961లో సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ముంబై వచ్చాడు. అప్పటికి పదిహేడేళ్ళు. మేనమామ వెంట వచ్చి రెండేళ్ళు బదిలీ పని చేసి, తర్వాత వీవింగ్ ఖాతాలో పర్మనెంటు అయ్యాడు. చదివింది నాలుగో తరగతి, అదీ తెలుగులోనే. ఇంగ్లీషు అక్షరాలు మగ్గం మీద నంబర్లు చూసి, బస్సుల మీద బోర్డులు చూసి నేర్చుకున్నాడు. ఈ పత్రిక చదివేవాళ్ళ ఇళ్ళలో ఇట్లాంటి తండ్రులు చాలామంది ఉంటారు కాబట్టి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

అలాంటి మనిషికి ఈ పిచ్చి ఎక్కడిదని అడిగితే అవ్వ నవ్వేది. "తాగుడు లేదు, పత్తాలాట లేదు. గీ కాయితాలు ఏరుకునుడన్న ఉండనీయి అనుకున్న" అనేది.

నాకు తెలిసినంతలో మొదలు మా ఊళ్ళోనే. పట్వారీ ఇంట్లో పారేసిన కాగితాల్లోంచి బాపు చిన్నప్పుడు నిజాం స్టాంపులు ఏరి దాచుకున్నాడు. మొదటి లెడ్జరులో మొదటి పేజీ అదే. నిజాం సంస్థానానికి సొంత తపాలా ఉండేది. 1871లో వచ్చిన స్టాంపుల మీద వెలను ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ, నాలుగు లిపుల్లో వేశారు. 1931లో బొమ్మల స్టాంపులు వచ్చాయి. ఒక అణా దాని మీద చార్మినారు, రెండణాల దాని మీద హైకోర్టు, నాలుగణాల దాని మీద ఉస్మాన్ సాగర్ చెరువు. ఎనిమిదణాల దాని మీద అజంతా గుహల వాకిలి ఉంటుంది, అప్పుడు అజంతా నిజాం ఏలుబడిలోదే. ఇవి సంస్థానం హద్దు దాటితే చెల్లవు. 1950 ఏప్రిల్ 1 నుంచి హద్దు లోపల కూడా చెల్లకుండా పోయాయి. చెల్లని టికెట్లు కాబట్టే పిల్లవాడి చేతికి దక్కాయి.

ముంబైకి వచ్చాక మిల్లు ఆఫీసులో టపా చూసే కొంకణీ పట్టీవాలాతో దోస్తీ కుదిరింది. మిల్లు యంత్రాల సామాను విలాయత్ నుంచి, జపాన్ నుంచి, స్విట్జర్లాండ్ నుంచి వచ్చేది. ఆ ఉత్తరాల కవర్లు పట్టీవాలా చించి పక్కన పెట్టేవాడు. బదులుగా బాపు పండుగకు అవ్వ చేసిన సకినాలు తీసుకుపోయి ఇచ్చేవాడు. అట్లా ఇరవై ఏళ్ళు నడిచింది.

లెడ్జరు మొదటి అట్ట లోపలివైపు బాపు పెన్సిలుతో ఒక పట్టిక రాసుకున్నాడు. హెల్వేటియా అంటే స్విట్జర్లాండ్. నిప్పన్ అంటే జపాన్. మాగ్యార్ అంటే హంగేరీ. సువోమి అంటే ఫిన్లాండ్. నోర్గే అంటే నార్వే. చివర 'పేరు లేక రాణి తల ఉంటే విలాయత్' అని ఉంది. చాల్‌లో మున్సిపల్ బడి పంతులు ఒకాయన ఉండేవాడు, ఆయన్ను అడిగి తెలుసుకున్నాడట. ఈ చివరి మాట నిజం కూడా. అతికించే తపాలా బిళ్ళను ప్రపంచంలో మొదట తెచ్చింది బ్రిటన్, 1840లో. మొదట మొదలుపెట్టినవాళ్ళం మేమే కదా అని నేటికీ వాళ్ళు దేశం పేరు వెయ్యరు, రాజుదో రాణిదో తల ఒకటి వేస్తారు. నాలుగో తరగతి చదివిన నేతపనివాడు అది తలను చూసి పట్టుకున్నాడు.

మన దేశం సంగతి కూడా ఇందులో చెప్పాలి. ఆసియాలోనే తొలి తపాలా బిళ్ళలు 1852లో సింధ్‌లో వచ్చాయి. లక్కముద్రలా గుండ్రంగా ఉండేవి. దేశమంతటికీ చెల్లే బిళ్ళలు 1854 నుంచి వచ్చాయి. స్వతంత్ర భారతం తొలి బిళ్ళ 1947 నవంబర్ 21న వచ్చింది. మూడున్నర అణాలది, జెండా బొమ్మ, 'జై హింద్' అన్న మాట. మరుసటి ఏడు ఆగస్టు 15న గాంధీజీవి నాలుగు వచ్చాయి. వాటి మీద హిందీలో, ఉర్దూలో 'బాపు' అని ఉంటుంది. చిన్నప్పుడు ఆ రెండక్షరాలు కూడబలుక్కుని చదివి, అది మా నాయన పేరే అనుకున్నాను. కరీంనగరం పిల్లకు బాపు అంటే ఇంకెవరు!

ఇప్పుడు అసలు సంగతి. బాపు పుస్తకాలు ఎక్కడా చూడని తీరులో ఉన్నాయి. సేకరించేవాళ్ళు సాధారణంగా దేశాలవారీగా పెడతారు, ఏళ్ళవారీగా పెడతారు. బాపు అట్లా పెట్టలేదు. ఏ రోజు దొరికింది ఆ రోజు అతికించాడు. ఒక్కోదాని కింద చిన్న అక్షరాలతో ఎవరిచ్చారో రాశాడు.

'రెండో మాలా బావ, దుబాయ్ నుంచి.'

'రాత్రి పాళీ జాబర్, కొల్హాపూర్ నుంచి వచ్చిన పెండ్లి పత్రిక మీదిది.'

'ఖానావళి పిలగాడు. తల్లి చచ్చిపోయిందని వచ్చిన కవరు. అడగలే, ఆయననే ఇచ్చిండు.'

ఖానావళి అంటే మా ఇల్లే. ఊళ్ళో కుటుంబాలను వదిలివచ్చిన మగవాళ్ళు ఆరుగురికి అవ్వ రెండు పూటలా వండిపెట్టేది. వాళ్ళ ఉత్తరాలు మా ఖోలీకే వచ్చేవి. చదువు రానివాళ్ళకు బాపు చదివిపెట్టేవాడు. కవరు ఆయనకు మిగిలేది. అందుకే ఆ పేజీల్లో జపాన్ పక్కనే జగిత్యాల ముద్ర కనబడుతుంది. జపాన్‌ది ఎప్పటి బిళ్ళో పుస్తకాలు చూసి ఎవరైనా చెప్పగలరు. జగిత్యాల కవరు ఎవరి ఇంటి కబురు మోసుకొచ్చిందో ఈ లెడ్జరులో తప్ప ఎక్కడా లేదు.

1971 పేజీల్లో ఒకే రకం ఐదు పైసల బిళ్ళలు వరసగా ఉంటాయి. కుటుంబ నియంత్రణ బొమ్మ మీద 'రెఫ్యూజీ రిలీఫ్' అని నల్లగా ముద్ర కొట్టినవి. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన కాందిశీకుల కోసం ఆ ఏడు నవంబర్ 15 నుంచి ఉత్తరాల మీద ఐదు పైసలు అదనంగా వసూలు చేశారు. ఆ పని కోసం బిళ్ళలు అచ్చయి వచ్చేదాకా ఉన్నవాటి మీదే ముద్ర కొట్టి అమ్మారు, చాలా ఊళ్ళలో రబ్బరు స్టాంపుతో. అందుకే ఒక ఊరి అక్షరాలు ఇంకో ఊరి అక్షరాల్లా ఉండవు. 1973 మార్చి దాకా ఆ పన్ను నడిచింది. బాపు దగ్గర అట్లాంటి రకాలు తొమ్మిది ఉన్నాయి. కావాలని ఏరినవి కావు. ఆరుగురు ఖానావళి మనుషులకు తొమ్మిది ఊళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి, అంతే.

రెండో లెడ్జరు నడుమ ఒక పేజీ ఉంది. అక్కడ బిళ్ళలు లేవు. ఎండిపోయిన గంజి మరకలు ఇరవై ఆరున్నాయి. పైన 'సంపు. 11-8-82. ఫోర్టు. 26 టికెట్లు. 140 రూ.' అని ఉంది. మరకల కింద అక్షరాలు అట్లాగే ఉన్నాయి. ఏ మరక మీద ఏ టికెట్ ఉండేదో, ఎవరిచ్చారో చదవొచ్చు. గాంధీవి మూడు, అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలవి. చార్మినార్లు నాలుగు. హెల్వేటియాలు ఆరు.

1982 జనవరి 18న మొదలైన సమ్మె గురించి మన కుటుంబాలకు వేరే చెప్పాలా? రెండున్నర లక్షల మంది గిర్నీ కామ్‌గార్లు బయటికి వచ్చారు. సమ్మె విరమించామని ఎవరూ ఏనాడూ ప్రకటించలేదు, పని మాత్రం తిరిగి చాలామందికి దొరకలేదు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఖానావళి మనుషులు ఒక్కొక్కరే బాకీ పెట్టి ఊరికి పోయారు. వాళ్ళను తప్పుబట్టేదేం లేదు, వాళ్ళకు మాత్రం ఎక్కడిది? అవ్వ పుస్తెలతాడు మార్వాడీ దగ్గరికి పోయింది. ఎండాకాలం గడిచింది. ఆగస్టులో బాపు లెడ్జరు చంకన పెట్టుకుని ఫోర్టుకు నడిచిపోయాడు. బస్సు పైసలు లేవు.

ఆ 140 రూపాయలకు జొన్నలు, నూకలు, మంచినూనె వచ్చాయి. నా బడి ఫీజు తొమ్మిది రూపాయలు కూడా అందులోంచే కట్టాడు. అది కూడా ఆ పేజీ అడుగున లెక్క రాసి ఉంది. నాకు ఆ సంగతి ఆయన పోయిన తర్వాతే తెలిసింది.

ఆ పేజీ తర్వాత రెండేళ్ళు ఒక్క టికెట్ కూడా లేదు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ బిళ్ళలు వచ్చాయి, బాపు దగ్గర ఒక్కటీ లేదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ బిళ్ళ వచ్చింది, అదీ లేదు. మళ్ళీ మొదలయింది 1984లో, ఆయనకు ఒక బిల్డింగులో రాత్రి వాచ్‌మన్ పని దొరికాక. 'మూడో మాలా మేమ్‌సాబ్, అమెరికా' అని రాసి ఉంది.

బాపు 2019లో పోయాడు. చాల్ రీడెవలప్‌మెంటుకు పోతుంది, సామాను సర్దండి అన్నప్పుడు ఈ లెడ్జర్ల మాట వచ్చింది. అన్న భీవండిలో సాంచాలు నడుపుతాడు. సొంతవి నాలుగు, కిరాయివి నాలుగు. నూలు ధర పెరిగితే అవి ఆగిపోతాయి. ఆయన మాటలో ఆశ లేదు, అవసరం ఉంది.

"చెల్లె, పేపర్ల చూసిన. ఒక్కొక్క పాత టికెట్ లచ్చలకు పోతుందట. సగం నువ్వు తీస్కో, సగం నాకియ్యి. లేకుంటే అమ్మి చెరి సగం తీస్కుందాం."

"లెడ్జరు చింపి పంచుకుంటమా అన్నా?"

"చింపుడెందుకు. టికెట్లు పీకుదాం."

అడగటంలో తప్పులేదు కాబట్టి ఇద్దరం కలిసి ఫోర్టులో ఒక వ్యాపారి దగ్గరికి పోయాం. ముసలాయన, గుజరాతీ. పేజీ పేజీ తిప్పి అరగంట చూశాడు. చివరికి చెప్పిందేమంటే, గంజితో అతికించినందువల్ల చాలావాటికి వెనకవైపు పాడయింది, కొన్నింటికి అంచు పళ్ళు ఊడాయి, వాడిన మామూలు బిళ్ళలకు ధర రాదు. మొత్తానికి కలిపి ఆరు వేలు ఇస్తానన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "ఈ రాతలున్న పేజీలు పేజీలుగానే ఎవరన్నా అడగొచ్చు. టికెట్లు పీకితే మాత్రం రద్దీ."

ఇక్కడ పాఠకులకు ఒక మాట. పాతది అయితే లక్షలు అనేది ఉత్త భ్రమ. మన దేశపు బిళ్ళలు లక్షల్లో, కోట్లలో అచ్చయ్యాయి. తక్కువగా అచ్చయినవాటికే ధర. 1948 గాంధీ పది రూపాయల బిళ్ళ మీద గవర్నర్ జనరల్ ఆఫీసు కోసం 'సర్వీస్' అని ముద్రించినవి వంద మాత్రమే. 1854లో నాలుగణాల బిళ్ళల్లో రాణి తల తలకిందులుగా అచ్చయినవి కొన్ని ఉన్నాయి. లక్షలు పలికేవి అట్లాంటివి. అవి మన ఇనుప పెట్టెల్లో ఉండవు. ఉంటే నాకు చెప్పకండి, ముందు తాళం వెయ్యండి.

ఆరు వేలు అన్న మాట విన్నాక అన్న దారిలో మాట్లాడలేదు. దాదర్‌లో చాయ్ తాగుతూ రెండో లెడ్జరు తెరిచి గంజి మరకల పేజీ చాలాసేపు చూశాడు. ఆయన పదో తరగతి ఆ ఏడాదే ఆగిపోయింది. "నీ దగ్గరనే ఉండనీయి. నా దగ్గరుంటే సాంచాల నూనె అంటుకుంటది" అన్నాడు.

అట్లా అవి నాకు వచ్చాయి. నేను బట్టలు కుట్టే మనిషిని. కాగితం పని నాకు తెలియదు. రెండేళ్ళు అడిగి, చూసి, నేర్చుకున్నాను. మీ ఇళ్ళలో కూడా ఇట్లాంటి పుస్తకమో, కవర్ల కట్టో ఉంటే పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదటి సంగతి, పీకకండి. ఒకసారి అతికినదాన్ని పొడిగా పీకితే పలుచటి పొర లేస్తుంది, దాంతో దాని పని అయిపోయింది. విడి కవరు ముక్క మీద ఉన్నదైతే చల్లటి నీళ్ళలో అరగంట వదిలేస్తే జిగురు కరిగి తనంతట తానే ఊడుతుంది. పాత బట్ట మీద బోర్లా ఆరేసి, ఆరాక బరువు కింద పెట్టాలి. రంగు కవర్లను తెల్లవాటితో కలిపి నానబెట్టవద్దు, రంగు కారి అంటుకుంటుంది. ఈ మధ్య స్టిక్కరు లాగా వస్తున్న బిళ్ళలు నీళ్ళకు ఊడవు, వాటిని చుట్టూ జాగా వదిలి కత్తిరించుకోవడమే.

ఊరి పేరు, తేదీ ముద్ర స్పష్టంగా ఉన్న పాత కవరు అయితే బిళ్ళ ఊడదీయనే వద్దు. కవరుకు కవరే దాచాలి. అంతెందుకు, లోపల ఉత్తరం ఉంటే దాన్నీ అందులోనే ఉంచాలి.

సెలోటేపు, ఫెవికాల్, లామినేషన్, ఈ మూడూ కాగితానికి శత్రువులు. లామినేషన్ చేయిస్తే భద్రం అని చాలామంది అనుకుంటారు. ఇక దాన్ని మళ్ళీ బయటికి తీసేది లేదు. మా పక్క ఖోలీవాళ్ళు తాతగారి హైదరాబాదు సంస్థానం స్టాంపు కాగితాన్ని అట్లాగే చేయించారు, ఏం చెప్పను.

ముంబై వానాకాలం సంగతి మీకు తెలుసు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నేను లెడ్జర్లు తెరవను. గాలిలో తడికి కొత్త బిళ్ళల జిగురు పేజీకి పట్టుకుంటుంది, పాతవాటి మీద గోధుమరంగు చుక్కలు లేస్తాయి. పుస్తకాలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా నిలబెట్టి పెడతాను, పేజీల మధ్య బటర్ పేపరు. దీపావళి పోయాక నీడలో గాలికి ఆరబెడతాను. గంజి వాసనకు పురుగు వస్తుంది కాబట్టి పేజీ పేజీ చూస్తాను. వేళ్ళతో తాకను, చిన్న పట్టకారుతోనే.

బాపు గంజిని మాత్రం కదిలించలేదు. నానబెడితే గంజి కరుగుతుంది, నిజమే. ఆ కాగితం కూడా పోతుంది. పేజీలన్నిటికీ ఫోనులో ఫోటోలు తీసి, కింది రాతలన్నీ వేరే నోటుబుక్కులో ఎక్కించాను. చెరిగిపోతున్న పెన్సిలు అక్షరాలు చదవటానికి అవ్వ సాయం పట్టింది. 'పెద్ద ముక్కు' అని ఒకచోట రాసి ఉంటే, ఆయనెవరో, ఏ మిల్లులో చేశాడో, ఆయన భార్య పేరేమిటో అవ్వ గంటసేపు చెప్పింది. అది కూడా రాసుకున్నాను.

గంజి మరకల పేజీని నింపాలని నాకు మొదటి నుంచీ ఉంది. ఆ బిళ్ళలు అంత దొరకనివేం కావు. నిజాం చార్మినార్లు ఫోర్టులో వాడినవి ఇరవై, ముప్పై రూపాయలకు దొరికాయి. హెల్వేటియాలు ఇంకా చవక. గాంధీ పన్నెండణాలది ధర ఎక్కువ, దాని కోసం నాలుగు నెలలు రోజుకింత పక్కన పెట్టాను. ఒక ఆదివారం అన్నీ ముందేసుకుని కూర్చుంటే అవ్వ అడిగింది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

చెప్పాను.

"గా జాగల పెట్టకు" అంది.

"బాపు అమ్ముకున్నయే కదనే, మళ్ళ పెడుతున్న."

"గా జాగల మనం తిన్నం. నింపితే ఎట్ల ఎరుకైతది? అట్లనే ఉండనీయి."

నేను వాదించాను. ఆయన రాసుకున్న పేర్లు ఖాళీ జాగా కింద అనాథల్లా ఉన్నాయన్నాను. అవ్వ వినలేదు. ఎనభై దాటిన మనిషి, లెడ్జరు తీసుకుని తన దిండు కింద పెట్టుకుంది. రెండు దినాలు ఇయ్యలేదు. చివరికి నేనొక నాలుగో లెడ్జరు కొన్నాను. మొదటి పేజీలో ఆ ఇరవై ఆరింటినీ అదే వరసలో పెట్టి, కింద బాపు రాసిన పేర్లే రాసి, 'ఫోర్టు, నేను కొన్నవి' అని చేర్చాను. రెండో లెడ్జరులో మరకలు మరకలుగానే ఉన్నాయి. దుర్గాబాయి బిళ్ళను కూడా నాలుగోదాంట్లోనే పెట్టాను.

నాలుగో లెడ్జరులో నా సొంత వరస ఒకటి నడుస్తోంది, బట్టదీ నేతదీ. 1955 జనవరి 26న వచ్చిన పంచవర్ష ప్రణాళిక బిళ్ళల్లో ఆరు పైల దాని మీద మరమగ్గాలున్నాయి. ఇవి పాత పైలు, పన్నెండు అయితే అణా. రెండణాలది రాట్నం వడికే ఆడమనిషి, మూడణాలది చేతిమగ్గం మీద నేస్తున్న ఆడమనిషి. ఆ వరసలోనే పది అణాలది మన మెరీన్ డ్రైవ్. మరమగ్గం బిళ్ళ బాపు పుస్తకంలోనూ ఉంది. దాని కింద ఎవరిచ్చారో లేదు, 'నా సాంచా' అని ఉంది. 1980ల్లో రోజూ ఉత్తరాల మీద కనబడిన రూపాయి బిళ్ళ మీద పత్తి చెట్టు, రెండు రూపాయల దాని మీద చేతిమగ్గం. మీలో చాలామంది నాలుకతో తడిపి అతికించే ఉంటారు.

తెలుగువాళ్ళ వరస ఇంకొకటి. త్యాగయ్య 1961, వేమన, టంగుటూరి ప్రకాశం 1972, వీరేశలింగం 1974, అల్లూరి 1986, పొట్టి శ్రీరాములు 2000. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు వచ్చిన బిళ్ళ బాపు ఊరి నుంచి తెప్పించుకున్నాడు.

బాపు డబ్బు పెట్టి, లైనులో నిలబడి కొన్నది మాత్రం ఒకటుంది. 2005 మే నెలలో నారాయణ్ మేఘాజీ లోఖండే బిళ్ళ వచ్చింది. ఫూలే మనిషి. ఆ కాలంలో ఫూలేకు ముంబై కామాఠీ తెలుగువాళ్ళలోనూ దోస్తులుండేవారు. లోఖండే 1884లో ముంబైలో మిల్లు కార్మికుల సంఘం పెట్టాడు. వారానికి ఒకరోజు సెలవు కావాలని ఏళ్ళ తరబడి పోరాడితే, 1890 జూన్‌లో మిల్లులకు ఆదివారం సెలవు వచ్చింది. బాపు జీపీవో దాకా పోయి నాలుగు కొన్నాడు. ఒకటి అతికించి 'ఆదివారం టికెట్' అని రాశాడు. మిగతా మూడు చాల్‌లో తనతో పాటు రిటైరైన, అంటే పని పోయిన, ముగ్గురికి ఇచ్చాడు.

జీపీవో అంటే గుర్తొచ్చింది. అక్కడ స్టాంపుల బ్యూరో ఉంది. 200 రూపాయలు కట్టి ఫిలాటెలీ ఖాతా తెరిస్తే కొత్త బిళ్ళలు ఇంటికే పంపుతారు. మీ ఊళ్ళలో హెడ్ పోస్టాఫీసుల్లో అడగండి. ఇది చెప్పటానికి వేరే కారణం ఉంది. 2017 నుంచి తపాలా శాఖ 'దీన్ దయాళ్ స్పర్శ్' అని ఒక స్కాలర్‌షిప్ ఇస్తోంది. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు, నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000. దేశం మొత్తానికి 920 మందికి. పిల్లవాడు బడిలోని ఫిలాటెలీ క్లబ్బులో ఉండాలి, లేదా తన పేరున ఖాతా ఉండాలి. పోయిన పరీక్షలో 60 శాతం మార్కులుండాలి. మొదట క్విజ్ ఉంటుంది, అందులో నెగ్గినవాళ్ళు ఒక ప్రాజెక్టు చెయ్యాలి. మన బస్తీల్లో ఈ మాట తెలిసినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు.

మా అన్న మనుమడు ఏడో తరగతి. పోయిన ఏడు రాశాడు, క్విజ్ దగ్గరే ఆగిపోయాడు. ఈ ఏడు మళ్ళీ రాస్తున్నాడు. ప్రాజెక్టుకు వస్తే బట్ట మీదే చేస్తాడట. తాత 'నా సాంచా' టికెట్ ఇయ్యమని అడిగాడు. అదైతే ఇయ్యను, జంట ఉన్నది వేరేది ఇస్తానన్నాను. అన్న పక్కనుంచి "ఇయ్యరాదు, పిలగాడు" అన్నాడు. పీకుదాం అన్న మనిషి కాబట్టి నేను ఆయన వైపు చూశాను. "జంటదే ఇయ్యి" అన్నాడు.

ఇక నాకు కావలసినవి రెండున్నాయి. ఒకటి, 1982, 83ల్లో ఊరి నుంచి ముంబైకి, భీవండికి, సోలాపూర్‌కు వచ్చిన కవర్లు, ఇన్‌లాండ్ లెటర్లు. ఆ రెండేళ్ళు బాపు పుస్తకంలో ఖాళీ. సంపు దినాల్లో ఊరివాళ్ళు ఏం రాశారో, ఎన్ని బియ్యం పంపుతామన్నారో అవి మాత్రమే చెబుతాయి. ఇల్లు మారేటప్పుడు, ఖోలీ ఖాళీ చేసేటప్పుడు రద్దీవాలాకు వెయ్యకండి. ఉత్తరం మీ దగ్గరే ఉంచుకుని కవరు ఇచ్చినా చాలు, కవరు కూడా ఇవ్వలేకపోతే ఫోటో తీసుకోనివ్వండి.

రెండోది, మనియార్డరు రసీదులు. 2015లో పాత మనియార్డరు పద్ధతి ఎత్తేశారు. మన మగవాళ్ళు జీతం రోజున పోస్టాఫీసు ముందు కట్టిన లైన్లకు ఆ చిన్న కాగితాలే గుర్తు. ఎవరి దగ్గరైనా ఉంటే పత్రిక ఆఫీసులో ఇవ్వండి, నాకు అందుతుంది. బిళ్ళ కింద ఎవరిచ్చారో రాస్తాను. పేరు వద్దంటే 'భీవండి, మూడో గల్లీ అక్క' అని రాస్తాను, బాపు అట్లాగే రాసేవాడు.